పట్టభద్ర స్థాయి వాణిజ్యవిద్య – విత్తరంగ ఉద్యోగాలు : కళాశాల ఎంపికకు చారిత్రక నేపథ్యం

వ్యాససంగ్రహం:

ఇంటర్మీడియట్ పూర్తయిన తరువాత బ్యాంకింగ్, పెట్టుబడులు, ఆడిట్ వంటి విత్తరంగ ఉద్యోగాల కోసం ఏ కళాశాలలో చేరాలనే ప్రశ్న నేడు తెలుగు కుటుంబాలలో తరచుగా వినిపిస్తోంది. ఈ ప్రశ్నకు ర్యాంకుల పట్టికలు, ప్రకటనలు జవాబు చెబుతున్నాయి గాని చరిత్ర ఏం చెబుతుందో పరిశీలించినవారు తక్కువ. 1881లో ఫిలడెల్ఫియాలో ప్రారంభమైన వార్టన్ స్కూలు, 1913లో బొంబాయిలో ఏర్పడిన సిడెన్‌హామ్ కళాశాల ప్రధాన ఉదాహరణలుగా, పట్టభద్ర స్థాయి వాణిజ్యవిద్య విద్యార్థికి ఇస్తూ వచ్చిన జ్ఞానం, యోగ్యతాపత్రం, ప్రవేశద్వారం అనే మూడు అంశాలను ఈ వ్యాసం వేరుచేసి చూపుతుంది. అమెరికాలో ప్రవేశద్వారం క్రమంగా కళాశాల చేతిలోకి వెళ్లగా, భారతదేశంలో చాలాకాలం అది కళాశాల వెలుపలి పరీక్షల చేతిలో ఉండిందని, ఈ తేడా తెలుగు విద్యార్థి ఎంపికను నేటికీ ప్రభావితం చేస్తోందని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: వాణిజ్యవిద్య, విత్తం, వార్టన్, సిడెన్‌హామ్, అంబేద్కర్, చార్టర్డ్ అకౌంటెన్సీ, తెలుగు మాధ్యమం.

1. ఉపోద్ఘాతం:

డిగ్రీ కళాశాలలో తెలుగు బోధించేవారికి బి.కాం. విద్యార్థులతో పరిచయం ద్వితీయ భాష తరగతిలో కలుగుతుంది. తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఆ రోజులలో సహాయకేంద్రంలో కూర్చున్న అధ్యాపకునికి ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "సార్, మా అమ్మాయికి బ్యాంకు లైను కావాలి. ఏ కాలేజీ పెట్టుకోమంటారు?" ఈ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. అమ్మాయి ఏం నేర్చుకుంటుంది? చేతికి వచ్చే కాగితానికి విలువెంత? ఆ కాగితం చూసి తలుపు తీసేవారెవరు? అడిగేవారు ఈ మూడింటినీ ఒకటిగానే భావిస్తారు. జవాబు చెప్పేవారూ అలాగే చెబుతారు. ఈ మూడూ చరిత్రలో ఒకేసారి పుట్టినవి కావు, ఒకేచోట పుట్టినవీ కావు.

ముందుగా పదం గురించి ఒక మాట చెప్పుకోవాలి. తెలుగులో 'ఆర్థిక' అనే విశేషణం రెండు పనులు చేస్తోంది. 'ఆర్థికశాస్త్రం' అన్నప్పుడు ఒక అర్థం, 'ఆర్థికశాఖ' అన్నప్పుడు మరొక అర్థం. వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఈ సందిగ్ధాన్ని తప్పించడానికి 'విత్తం', 'విత్త నిర్వహణ' అనే పదాలను వాడాయి. వాడుకలో 'ఫైనాన్స్' అంటే బండికో, ఇంటిసామానుకో వాయిదాలమీద అప్పిచ్చే సంస్థ. "ఫైనాన్సులో బండి తీసుకున్నాడు" అనే వాక్యం అందరికీ తెలిసినదే. ఒక వృత్తిరంగంగా ఫైనాన్స్ మన సామాన్య వ్యవహారంలోకి ఇంకా పూర్తిగా రాలేదనడానికి ఈ వాడుకే సాక్ష్యం. ఈ వ్యాసంలో బ్యాంకింగ్, ఆడిట్, పెట్టుబడుల నిర్వహణ, మూలధన మార్కెట్లు కలిసిన రంగాన్ని 'విత్తరంగం' అని వ్యవహరిస్తున్నాను.

2. కళాశాలకు ముందు – కొట్టు, కవిలె, ఉమేదువారీ:

వాణిజ్యం కళాశాలలో నేర్చుకోవలసిన విద్య అనే ఆలోచన ఇటీవలిది. తెలుగునాట గ్రామ లెక్కలు కరణం కవిలెకట్టలో ఉండేవి. వర్తకుని లెక్కలు చిట్టా, ఆవర్జాలలో ఉండేవి. ఏ రోజు లావాదేవీలు ఆ రోజు వరుసగా రాసేది చిట్టా. వాటిని మనిషివారీగా, ఖాతావారీగా విడదీసి ఎక్కించేది ఆవర్జా. కొట్టులో పుట్టిన పిల్లవాడు తండ్రి పక్కన కూర్చుని ఈ విద్య నేర్చుకునేవాడు. కచేరీలో కుదురుకోవాలనుకున్నవాడు జీతంలేని ఉమేదువారుగా చేరి పని పట్టుకునేవాడు. విద్య, ఉపాధి రెండూ ఒకే ఇంటి గడప లోపల, ఎక్కువగా ఒకే కులం లోపల సాగాయి.

ఐరోపా, అమెరికాలలోనూ స్థితి ఇంతకంటే భిన్నంగా లేదు. వర్తకుల లెక్కల గదులలో కుర్రవాళ్లు గుమాస్తాలుగా చేరి పని నేర్చుకునేవారు. 1819లో పారిస్‌లో ఉన్నత వాణిజ్య పాఠశాల ఏర్పడటం ఈ పద్ధతికి వెలుపల పడిన తొలి అడుగులలో ఒకటి. అయితే వాణిజ్యవిద్యకు విశ్వవిద్యాలయం లోపల శాశ్వతస్థానం కల్పించిన ప్రయోగం అమెరికాలో జరిగింది.

3. వార్టన్ స్కూలు – జ్ఞానం మీద పెట్టిన పెట్టుబడి:

జోసెఫ్ వార్టన్ ఫిలడెల్ఫియాకు చెందిన పారిశ్రామికవేత్త. నికెల్, జింక్, ఇనుము పరిశ్రమలలో సంపద గడించాడు. 1881లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి 1,00,000 డాలర్లు ఇచ్చి 'వార్టన్ స్కూల్ ఆఫ్ ఫైనాన్స్ అండ్ ఎకానమీ'ని ప్రారంభింపజేశాడు. సంస్థ పేరులోనే విత్తం ఉండటం గమనార్హం. లెక్కల గదిలో గుమాస్తాగిరీ చేస్తూ నేర్చుకునే చదువు మారుతున్న పరిశ్రమలకు చాలదని ఆయన అభిప్రాయం. పెద్ద సంపదను, పెద్ద సంస్థలను, ప్రజావ్యవహారాలను నడపగల యువకులు కావాలని ఆయన కోరుకున్నాడు. ప్రారంభ సంవత్సరాలలో విద్యార్థులు కొంతకాలం సాధారణ కళాశాల చదువు చదివిన తరువాతే ఈ స్కూలు పాఠాలలోకి వచ్చేవారు. లెక్కలతోపాటు చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రం కూడా అక్కడ బోధించారు.

దాతకు తన ప్రయోజనాలు కూడా ఉన్నాయి. విదేశీ సరుకులపై రక్షణ సుంకాలు ఉండాలనే వాదాన్ని స్కూలులో బోధించాలని వార్టన్ కోరాడు. అమెరికా పరిశ్రమాధిపతిగా ఆ సుంకాలవల్ల లాభపడేవారిలో ఆయనా ఒకడు. విద్యాసంస్థకు, దాని పోషకులకు మధ్యగల ఈ ఉద్రిక్తత 1915లో బయటపడింది. బాలకార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా బహిరంగంగా మాట్లాడుతున్న స్కాట్ నియరింగ్ అనే అధ్యాపకుణ్ణి ఆ ఏడాది విశ్వవిద్యాలయం తొలగించింది. అమెరికాలో బోధనాస్వేచ్ఛ చర్చలకు ఈ ఉదంతం ఒక ముఖ్య ఘట్టమైంది. విత్తరంగానికి దగ్గరైన కళాశాల ఆ రంగాన్ని ప్రశ్నించే అధ్యాపకునికి ఎంత చోటు ఇస్తుందనే ప్రశ్న వాణిజ్యవిద్య బాల్యంలోనే తలెత్తిందని దీనివల్ల తెలుస్తుంది.

1898లో షికాగో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు వాణిజ్య కళాశాలలు తెరిచాయి. 1908లో హార్వర్డ్ వ్యాపారవిద్యను పట్టభద్రులైనవారికే పరిమితం చేస్తూ వేరే దారి ఎంచుకుంది. 1916 నాటికి ఇటువంటి స్కూళ్లు ఉన్న 17 విశ్వవిద్యాలయాలు కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. ఈ వ్యాప్తిని మేధావులందరూ హర్షించలేదు. థోర్‌స్టీన్ వెబ్లెన్ 1918లో, అబ్రహాం ఫ్లెక్స్‌నర్ 1930లో వెలువరించిన గ్రంథాలలో విశ్వవిద్యాలయం లోపల వ్యాపార శిక్షణకు స్థానం ఉండటాన్నే తప్పుపట్టారు.

4. యోగ్యతాపత్రం – చట్టం తెచ్చిన మార్పు:

జ్ఞానం ఉన్నంతమాత్రాన ఉద్యోగం రాదు. ఆ జ్ఞానాన్ని ఎవరో ధ్రువపరచాలి. ఈ రెండవ అంశం కళాశాల నుండి రాలేదు, చట్టం నుండి వచ్చింది. 1896లో న్యూయార్క్ రాష్ట్రం సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్ అనే యోగ్యతను చట్టబద్ధం చేసింది. పరీక్ష వచ్చాక ఆ పరీక్షకు తయారుచేసే చదువు అవసరమైంది. 1900లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం వాణిజ్యం, లెక్కలు, విత్తం పేర్లు మూడూ చేర్చి ఒక స్కూలు తెరిచింది. ఆ రాష్ట్ర అకౌంటెంట్ల సంఘం దానికి వెన్నుదన్ను. చార్లెస్ వాల్డో హాస్కిన్స్ అనే అకౌంటెంటే దాని తొలి డీన్.

వార్టన్ ఆలోచనలో వ్యాపార నాయకునికి కావలసిన విశాలమైన చదువు ముఖ్యం. న్యూయార్క్ నమూనాలో ఒక వృత్తికి కావలసిన నిర్దిష్టమైన చదువు ముఖ్యం. ఇప్పటి బి.బి.ఏ., బి.కాం. పాఠ్యప్రణాళికల మధ్య కనిపించే తేడాకు మూలాలు ఈ రెండు నమూనాలలో వెదకవచ్చు.

5. 1959 నివేదికలు – గణితం ప్రవేశం:

రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలో పట్టభద్ర వ్యాపారవిద్య సంఖ్యాపరంగా విస్తరించింది. నాణ్యత విషయంలో అసంతృప్తి కూడా అదేస్థాయిలో పెరిగింది. 1959లో రెండు నివేదికలు వెలువడ్డాయి. ఒకటి ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో గోర్డన్, హోవెల్ రాసినది. రెండవది కార్నెగీ కార్పొరేషన్ సహాయంతో పియర్సన్ రాసినది. పాఠ్యాంశాలు ఇరుకైన వృత్తిశిక్షణగా మారాయని, విద్యార్థుల ప్రమాణాలు తక్కువగా ఉన్నాయని, గణితం, ఆర్థికశాస్త్రం, సామాజికశాస్త్రాల పునాది బలపడాలని రెండూ సూచించాయి. చిన్న చిన్న వృత్తి నైపుణ్యాలతో పట్టభద్ర సంవత్సరాలను నింపవద్దని, సాధారణవిద్యకు పెద్ద భాగం ఇవ్వాలని వాటి సారాంశం.

అదే కాలంలో విత్తశాస్త్రం స్వరూపమే మారుతోంది. 1952లో హ్యారీ మార్కోవిట్జ్ పెట్టుబడుల ఎంపికను లాభం, నష్టభయం మధ్య లెక్కగా చూపాడు. 1958లో మోడిగ్లియాని, మిల్లర్ సంస్థల మూలధన నిర్మాణంపై తమ సిద్ధాంతం ప్రతిపాదించారు. 1960లో షికాగో విశ్వవిద్యాలయంలో వాటాల ధరల చరిత్రను కంప్యూటర్‌కు ఎక్కించే పరిశోధన కేంద్రం ఏర్పడింది. 1973లో ఆప్షన్ల ధర నిర్ణయించే బ్లాక్–షోల్స్ సూత్రం ప్రచురితమైంది. అదే ఏడాది షికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజి తెరుచుకుంది. 1990లో మార్కోవిట్జ్, మిల్లర్, షార్ప్‌లకు ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి రావడంతో ఈ శాస్త్రానికి గౌరవముద్ర పడింది. చిట్టా, ఆవర్జాల నుండి మొదలైన చదువు సంభావ్యత, గణాంకాల దాకా వచ్చింది. విత్తరంగంలో కొన్ని ఉద్యోగాలకు ఇంజనీర్లు, గణితం చదివినవారు వాణిజ్య పట్టభద్రులతో సమానంగా, ఒక్కోసారి వారికంటే ముందుగా ఎంపిక కావడానికి కారణం ఈ మార్పులోనే ఉంది.

6. ప్రవేశద్వారం – అమెరికా అనుభవం:

మూడవ అంశం ప్రవేశద్వారం. అమెరికాలో పెద్ద పెట్టుబడి బ్యాంకులు కొత్త ఉద్యోగులను ఎంచుకోవడానికి కొన్ని కళాశాలల ప్రాంగణాలకే వెళ్లే పద్ధతి స్థిరపడింది. సామాజికశాస్త్రవేత్త లారెన్ రివెరా 2015లో ప్రచురించిన 'పెడిగ్రీ' గ్రంథం పెట్టుబడి బ్యాంకులు, న్యాయసంస్థలు, సలహాసంస్థల నియామకాలను దగ్గరగా పరిశీలించి, అభ్యర్థి చదివిన సంస్థ పేరుకు, అతని అభిరుచులకు, మాటతీరుకు ఎంత ప్రాధాన్యం ఉందో చూపింది.

ఇక్కడ ఒక విశేషం ఉంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, యేల్ విశ్వవిద్యాలయాలలో పట్టభద్ర స్థాయి వ్యాపార స్కూలు లేదు. అక్కడ ఆర్థికశాస్త్రం, చరిత్ర, గణితం చదివినవారు కూడా ఆ బ్యాంకులలో చేరుతున్నారు. అంటే అక్కడి బ్యాంకు తలుపు తెరుస్తున్నది పూర్తిగా పాఠ్యాంశం కాదు, సంస్థ పేరు కూడా. పేరు తలుపైన చోట, ఆ పేరు దొరకనివారి పరిస్థితి ఏమిటనే ప్రశ్న సహజంగా వస్తుంది. వార్టన్ పట్టభద్ర తరగతులలోకి స్త్రీలకు 1954లో గాని పూర్తి ప్రవేశం లభించలేదు. స్కూలు ప్రారంభమైన 73 ఏళ్లకు ఆ తలుపు సగం సమాజానికి తెరుచుకుంది.

7. సిడెన్‌హామ్, అంబేద్కర్ – చదువుకు, తలుపుకు మధ్య దూరం:

భారతదేశంలో ఉన్నత వాణిజ్యవిద్య చరిత్ర బొంబాయిలో మొదలవుతుంది. 1913లో అక్కడ సిడెన్‌హామ్ వాణిజ్య కళాశాల ఏర్పడింది. బొంబాయి గవర్నరుగా పనిచేసిన లార్డ్ సిడెన్‌హామ్ పేరు దానికి పెట్టారు. అదే 1913లో వచ్చిన కంపెనీల చట్టం లెక్కల పుస్తకాలు, ఆడిట్ విషయంలో కొత్త నిబంధనలు తెచ్చింది. 1918లో బొంబాయిలో ప్రభుత్వ అకౌంటెన్సీ డిప్లొమా ప్రారంభమైంది. ఆ డిప్లొమాతోపాటు గుర్తింపు పొందిన అకౌంటెంటు వద్ద మూడేళ్లు శిక్షణ పొందినవారు దేశమంతటా ఆడిటర్లుగా పనిచేయడానికి అర్హులయ్యారు. న్యూయార్క్‌లో వలెనే ఇక్కడా చట్టం, పరీక్ష, చదువు ఒకదాని వెనుక ఒకటి నడిచాయి.

ఈ కళాశాల చరిత్రలో మన చర్చకు అన్నిటికంటే విలువైన ఘట్టం 1918–1920 సంవత్సరాలది. ఆ కాలంలో డా. బి.ఆర్. అంబేద్కర్ అక్కడ రాజకీయ అర్థశాస్త్ర ఆచార్యుడు. అప్పటికే కొలంబియా విశ్వవిద్యాలయంలో 1915లో ఎం.ఏ. పట్టా పొంది, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువు ప్రారంభించి తిరిగివచ్చినవాడు. ఆ ఉద్యోగానికి ముందు ఆయన జీవనోపాధికోసం షేర్లు, పెట్టుబడులపై సలహాలిచ్చే వ్యాపారం పెట్టాడని, ఆయన అస్పృశ్య కులానికి చెందినవాడని తెలియగానే ఖాతాదారులు రావడం మానేశారని జీవితచరిత్రలు చెబుతున్నాయి. సిడెన్‌హామ్‌లో ఆచార్యుడైన తరువాత కూడా అధ్యాపకుల గదిలోని మంచినీటి కుండను ఆయన ముట్టుకోవడానికి తోటివారు కొందరు అభ్యంతరం చెప్పారు.

వ్యాసం ప్రారంభంలో వేరుచేసిన మూడు అంశాలను ఈ సంఘటన ముందు నిలిపి చూడాలి. అంబేద్కర్‌కు జ్ఞానం ఉంది. ఆనాటి ప్రపంచంలో అత్యున్నతమైన సంస్థలిచ్చిన యోగ్యత ఉంది. అయినా విత్తవ్యాపారంలోకి ప్రవేశద్వారం ఆయనకు మూసుకుపోయింది. ఆ తలుపు కాపలా కళాశాల చేతిలో లేదు, ఖాతాదారుల కులభావన చేతిలో ఉంది. ఆయన ఆ విద్యను వదులుకోలేదు. రూపాయి సమస్యపై ఆయన రాసిన గ్రంథం 1923లో వెలువడింది. భారత కరెన్సీపై ఏర్పాటైన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చాడు. ఆ కమిషన్ సిఫారసుల నేపథ్యంలోనే 1935లో రిజర్వు బ్యాంకు పని ప్రారంభించింది. ఖాతాదారులు కాదన్న మనిషి మాటను దేశపు ద్రవ్యవ్యవస్థపై వేసిన కమిషన్ వినవలసి వచ్చింది.

8. కళాశాల వెలుపలి తలుపు – పరీక్షల శతాబ్దం:

భారతదేశంలో విత్తరంగ ప్రవేశం అమెరికా మార్గంలో నడవకపోవడానికి ప్రధాన కారణం ఇక్కడి పరీక్షల వ్యవస్థ. 1949 జూలై 1న చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ చట్టబద్ధంగా ఏర్పడింది. ఈ యోగ్యతకు ప్రసిద్ధ కళాశాలలో సీటు అవసరం లేదు. పరీక్ష గట్టెక్కాలి, ఆడిటర్ దగ్గర ఆర్టికల్‌షిప్ చేయాలి. ఈ పద్ధతికి పూర్వరూపమైన డిప్లొమా కాలంలోనే, 1933లో, మద్రాసుకు చెందిన ఆర్. శివభోగం భారతదేశంలో అకౌంటెంట్ యోగ్యత పొందిన తొలి మహిళ అయింది. వార్టన్ పట్టభద్ర తరగతులు స్త్రీలకు తెరుచుకోవడానికి ఇది 21 ఏళ్ల ముందరి మాట. అంతమాత్రాన భారతదేశంలో స్త్రీలకు దారి సుగమమైందని అర్థం కాదు. పరీక్ష పెట్టే అడ్డంకులు, ప్రాంగణం పెట్టే అడ్డంకులు వేరువేరు స్వభావం కలవి అని మాత్రమే చెప్పవచ్చు.

రెండవ మలుపు 1969 జూలై 19న జరిగిన 14 బ్యాంకుల జాతీయీకరణ. 1980లో మరో ఆరు బ్యాంకులు ఆ జాబితాలో చేరాయి. శాఖలు గ్రామాలకు విస్తరించాయి. ఉద్యోగాలు పోటీపరీక్షల ద్వారా, రిజర్వేషన్ల అమలుతో భర్తీ కావడం మొదలైంది. బ్యాంకు అధికారి పరీక్షకు ఏ విషయంలోనైనా పట్టా చాలు. 2011 నుండి ప్రభుత్వరంగ బ్యాంకులకు ఉమ్మడి పరీక్ష వచ్చింది. ఖాతాదారుని కులభావన కాపలా కాసిన తలుపును పరీక్ష, రాజ్యాంగం కలిసి కొంతమేరకైనా తెరిచాయి. అంబేద్కర్ అనుభవం పక్కన పెట్టి చూస్తే బ్యాంకు జాతీయీకరణకున్న ఈ పార్శ్వం మరింత స్పష్టమవుతుంది.

1991 తరువాత కథ మళ్లీ మారింది. ప్రైవేటు బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్లు, 1992లో ఏర్పడిన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి కొత్తరకం ఉద్యోగాలు తెచ్చాయి. 1961లో కలకత్తా, అహమ్మదాబాదులలో మొదలైన ఐ.ఐ.ఎం.ల ప్రాంగణాలు ఆ ఉద్యోగాలకు వాకిళ్లయ్యాయి. అమెరికా పద్ధతి ఇక్కడ తొలుత స్నాతకోత్తర స్థాయిలో స్థిరపడింది. పట్టభద్ర స్థాయిలో 1926లో ఢిల్లీలో స్థాపితమైన శ్రీరామ్ వాణిజ్య కళాశాల వంటి కొన్ని సంస్థలకు అటువంటి స్థానం దక్కింది. 2011లో ఐ.ఐ.ఎం. ఇండోర్ ఇంటర్మీడియట్ తరువాతే చేరగల ఐదేళ్ల కోర్సు ప్రారంభించింది. 2022లో ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రవేశాలకు ఇంటర్ మార్కుల స్థానంలో ఉమ్మడి ప్రవేశపరీక్ష వచ్చింది. 2024–25 నుండి బి.బి.ఏ. కోర్సులు అఖిల భారత సాంకేతిక విద్యామండలి పరిధిలోకి వచ్చాయి. ప్రవేశద్వారం క్రమంగా పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసుకు జరుగుతోందని ఈ పరిణామాలు సూచిస్తున్నాయి.

9. తెలుగు నేల – బ్యాంకు, పదం, మాధ్యమం:

తెలుగువారి విత్తచరిత్రలో ఒక ప్రధాన సంస్థ వాణిజ్య పట్టభద్రుని చేతిలో పుట్టలేదు. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన డా. భోగరాజు పట్టాభి సీతారామయ్య వృత్తిరీత్యా వైద్యుడు. లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో మొదలైన ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. స్వదేశీ ఉద్యమకాలంలో బ్యాంకు పెట్టడానికి కావలసినది ప్రజల నమ్మకం. ఆ నమ్మకాన్ని పట్టా కాక ప్రజాజీవితం సంపాదించిపెట్టింది.

వాణిజ్యవిద్యను తెలుగులోకి తెచ్చిన పనిలో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాత్ర ప్రధానమైనది. డిగ్రీ స్థాయి వాణిజ్యశాస్త్ర పుస్తకాలలో వాడిన పదాలను పరిశీలిస్తే ఒక చక్కని వివేకం కనిపిస్తుంది. జర్నల్‌కు చిట్టా, లెడ్జరుకు ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్సుకు అంకణా, బ్యాలెన్సు షీటుకు ఆస్తి అప్పుల పట్టిక, డబుల్ ఎంట్రీకి జంటపద్దు విధానం. కొత్త శాస్త్రానికి పాత కొట్టు భాషను పునాది చేశారు. అద్దంకి సంతలోనో, ఖమ్మం మిరప మార్కెట్టులోనో పెరిగిన విద్యార్థికి ఆవర్జా అనే మాట పరాయిది కాదు.

మార్కోవిట్జ్ తరువాతి విత్తశాస్త్రం దగ్గరకు వచ్చేసరికి ఈ వంతెన ఆగిపోయింది. పోర్ట్‌ఫోలియో, డెరివేటివ్, హెడ్జింగ్ వంటివి ఆంగ్లరూపంలోనే ఉన్నాయి. వాటికి తెలుగు పదాలు లేకపోవడం పెద్ద లోటు కాదు. ఆ భావనలను వివరించే తెలుగు వాక్యాలు పాఠ్యపుస్తకాలలో తక్కువగా ఉండటం అసలు లోటు. చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షను నేటికీ ఆంగ్లంలోనో, హిందీలోనో రాయాలి. మరోవైపు, ప్రభుత్వరంగ బ్యాంకుల గుమాస్తా పరీక్షలను ఆంగ్లం, హిందీలతోపాటు 13 ప్రాంతీయ భాషలలో నిర్వహించాలని 2021లో కేంద్రప్రభుత్వం నిర్ణయించింది. అందులో తెలుగు ఉంది. గుమాస్తా తలుపు వరకు తెలుగు వచ్చింది, ఆడిటర్ తలుపు దగ్గర ఇంకా నిలబడే ఉంది. హైదరాబాదులో 'ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్' అనే పేరుతో ఒక ప్రాంతమే వెలసింది. ఆ పేరును తెలుగులోకి మార్చి పిలిచేవారు మనకు కనిపించరు.

10. చరిత్ర అందించే ప్రమాణాలు:

పై చరిత్రను ఎంపిక ప్రశ్నకు అన్వయిస్తే మూడు ప్రమాణాలు లభిస్తాయి.

మొదటిది జ్ఞానం. కళాశాల పేరుకంటే ముందు పాఠ్యప్రణాళిక చూడాలి. గణాంకశాస్త్రం, ఆర్థికశాస్త్రం, లెక్కల పునాది అందులో ఎంత ఉంది? 1959 నివేదికలు తప్పుపట్టిన ఇరుకైన శిక్షణే కొత్త పేర్లతో తిరిగివచ్చిందా? కోర్సు పేరు చివర 'ఫైనాన్స్' అనే మాట ఉన్నంతమాత్రాన అందులో విత్తశాస్త్రం ఉందని చెప్పలేము.

రెండవది యోగ్యతాపత్రం. చార్టర్డ్ అకౌంటెన్సీ ఉద్దేశమైతే ఆ పరీక్షకు, ఆర్టికల్‌షిప్‌కు కావలసిన సమయం మిగిల్చే కళాశాల మంచి కళాశాల. వాణిజ్య పట్టభద్రులు 55 శాతం మార్కులతో నేరుగా ఇంటర్మీడియట్ దశలో చేరే వీలు ఉంది. దూరపు నగరంలో లక్షల రుసుము కట్టి చేరడంకంటే ఇంటి దగ్గరి ప్రభుత్వ కళాశాలలో బి.కాం. చదువుతూ ఈ దారి పట్టడం చాలామందికి తెలివైన పని కావచ్చు. బ్యాంకు పరీక్షలు ఉద్దేశమైతే కళాశాల పేరుకు ప్రాధాన్యం ఇంకా తక్కువ.

మూడవది ప్రవేశద్వారం. పెట్టుబడి బ్యాంకులు, ఫండ్ల నిర్వహణ వంటి కొద్దిపాటి ఉద్యోగాలలో సంస్థ పేరు నిజంగానే తలుపు. ఆ దారి కోరేవారు కళాశాల ప్రకటించే అత్యధిక జీతం కాక, మధ్యస్థ విద్యార్థికి వచ్చిన ఉద్యోగం ఏమిటో అడగాలి. వచ్చిన సంస్థ పేరుతోపాటు అది ఇచ్చిన పని ఏమిటో అడగాలి. ఒకే బ్యాంకు పెట్టుబడుల విశ్లేషణకూ మనిషిని తీసుకుంటుంది, ఖాతాల నమోదుకూ తీసుకుంటుంది.

ఈ మూడింటిలో తనకు ఏది కొరవడిందో విద్యార్థి ముందుగా గుర్తించాలి. ఇంట్లో వ్యాపారం ఉన్నవానికి తలుపు ఉంది, జ్ఞానం కావాలి. గణితంలో దిట్ట అయినవానికి జ్ఞానం ఉంది, పత్రం కావాలి. మొదటితరం విద్యార్థికి మూడూ కావాలి, డబ్బు మాత్రం తక్కువ. ఒకే ర్యాంకుల పట్టిక ఈ ముగ్గురికీ ఒకే జవాబు చెబుతుంది.

11. ముగింపు:

వార్టన్ నుండి సిడెన్‌హామ్ మీదుగా దోస్త్ సహాయకేంద్రం వరకు సాగిన ఈ పరిశీలనలో తేలిన విషయాలను ఇలా క్రోడీకరించవచ్చు. పట్టభద్ర వాణిజ్యవిద్య కుటుంబవృత్తి గడప దాటి విద్యను బయటకు తెచ్చింది. చట్టాలు, పరీక్షలు దానికి యోగ్యతను కల్పించాయి. అమెరికాలో ప్రసిద్ధ ప్రాంగణాలు ప్రవేశద్వారాలుగా మారగా, భారతదేశంలో చార్టర్డ్ అకౌంటెన్సీ, బ్యాంకు పరీక్షలు ఆ ద్వారాన్ని కళాశాల వెలుపల నిలిపాయి. సామాన్య కళాశాలల నుండి వచ్చిన వేలాది తెలుగు విద్యార్థులకు అదే ఆధారమైంది. ఇటీవలి మార్పులు ఈ సమతూకాన్ని ప్రాంగణాల వైపు మొగ్గేలా చేస్తున్నాయి. ఈ మొగ్గు పెరిగితే ఇంటర్మీడియట్ నాటికే సరైన పేరుగల సంస్థలో సీటు, రుసుము, ఆంగ్లం మూడూ సమకూర్చుకోలేని విద్యార్థికి దారి ఇరుకవుతుంది.

సహాయకేంద్రంలో ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు నాలుగైదు కళాశాలల పేర్లు రాసిచ్చి పంపడం సులభం. ముందుగా ఆ అమ్మాయినే అడగవలసి ఉంది: ఆమె రాయదలచింది ఏ పరీక్ష, ఏ భాషలో, ఇంటినుండి ఎంత ఖర్చు పెట్టగలరు అని. కళాశాల పేరు ఆ తరువాత వస్తుంది. వాణిజ్యశాస్త్ర అధ్యాపకులు, తెలుగు అధ్యాపకులు కలిసి నేటి విత్తశాస్త్రాన్ని వివరించే తెలుగు పాఠాలు తయారుచేయడం, చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షలో తెలుగుకు స్థానం కోరడం ఈ దిశలో తక్షణం చేపట్టదగిన పనులు.